తగ్గింపు వెలయు, తగిన వస్తువును

(షోలాపురమున మన సంఘ మాసిక సభలో కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషన్ వరకు చదివి, ఆపైన మా తండ్రిగారి దుకాణమున తువాళ్లు, చద్దర్లు మడతపెట్టుట నేర్చినవాడను. ఇరువదియైదేండ్లుగా వెల చెప్పుటయు, వెల తగ్గించుటయు నా వృత్తి. అందువలననే కాబోలు, కార్యదర్శిగారు ఈ నెల నన్ను మాటాడుమనిరి. గత కార్యవర్గ సమావేశమున ఒక చిన్న యంత్రమును గూర్చి పెద్ద వాదము జరిగినది. ఆ వాదము ఇంకను తేలలేదు. దానిని మీ యెదుట నుంచి, నాకు తోచినది చెప్పి, తీర్మానమును మీకు విడిచెదను.

సంగతి యిది. మన పిల్లలకు ఆదివారపు తెలుగు తరగతి నడుపుటకై మనము చందాలు ప్రోగుచేసితిమి. నేటికి 23,400 రూపాయలు చేరినవి. ఇందులో పెద్ద చందాలు కొద్ది. బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రు ఇచ్చిన 50, 100 రూపాయలును, మరమగ్గములపై పనిచేయు అన్నదమ్ములు వారపు కూలి చేతబడిన నాడు ఇచ్చిన 200 రూపాయలును ఇందులో ఎక్కువ. ఇట్లుండగా మన యువకులు కొందరు సెల్‌ఫోనులో ఒక ప్రకటనను చూపిరి. అది గోడపై సినిమావలె బొమ్మ వేయు చిన్న యింటి ప్రొజెక్టరు. ముద్రిత ధర 29,990 రూపాయలు. పండుగ ధర 8,990 రూపాయలు. నూటికి 70 వంతులు తగ్గింపు. గడువు ఆ రాత్రి 12 గంటల వరకే. "ఈ అవకాశము మరల రాదు, వెంటనే కొందము" అని యువకులు. "బొమ్మల పెట్టె మనకేల, పుస్తకములు కొందము" అని పెద్దలు. వాదములోనే ఆ రాత్రి గడిచినది. మనము కొనలేదు. మరునాటి ఉదయము చూడగా, అదే ప్రొజెక్టరు, అదే 8,990 రూపాయలకు, మరియొక పండుగ పేరు పెట్టుకొని అచ్చటనే యున్నది!

నాకు ఆశ్చర్యము కలుగలేదు. నేనును వ్యాపారినే గదా. వెల తగ్గించుటలో రెండు విధములు కలవు. రంగు పాతబడినది, సరకు నిలిచిపోయినది, నూలు వెల పడిపోయినది, చేతికి రొక్కము అవసరమైనది – ఇట్టి కారణమున వ్యాపారి తన లాభమును కోసికొని అమ్మును. ఇది నిజమైన తగ్గింపు. రెండవది, ముందుగా వెల పెంచి వ్రాసి, పిదప దానిని కొట్టివేయుట. ఇందులో వ్యాపారి కోసికొనునది యేమియు లేదు. కొట్టివేసినది సిరా గీతను మాత్రమే.

ఒక తప్పు ఒప్పుకొనుచున్నాను. నా యిరువదవ యేట, మా తండ్రిగారు ఊర లేని సమయమున, నేనును ఈ రెండవ పని చేసితిని. 180 రూపాయల చద్దరుపై 300 అని చీటి అంటించి, దానిని కొట్టివేసి 200 అని వ్రాసితిని. జీవితమంతయు మగ్గముపై గడిపిన ఒక వృద్ధురాలు వచ్చినది. చద్దరును చేతిలో తూచినది, వెలుగునకు ఎత్తి నేత చూచినది, చీటి చూచినది. "బిడ్డా, మూడు నూర్లకు ఎవరికి అమ్మినవు? ఆయన పేరు చెప్పు" అన్నది. నాకు జవాబు లేకపోయినది. సాయంత్రమునకు ఆ చీటీలన్నియు నా చేతనే ఊడబెరికితిని. తగ్గింపు వెలలను గూర్చి ఆ ప్రశ్నను మించిన ప్రశ్నను నేను నేటివరకు వినలేదు. ఏ ప్రకటన చూచినను ఆ అవ్వ ప్రశ్ననే మీరును అడుగుడు: ఈ పై వెలకు ఇది ఎవరికైనను అమ్ముడుపోయినదా?

ఎం.ఆర్.పి. అనగా అత్యధిక చిల్లర ధర. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము, దాని క్రింద 2011లో వచ్చిన పొట్లపు సరకుల నియమములు, పొట్లముపై ఆ ధరను పన్నులతో సహా ముద్రించవలెనని చెప్పుచున్నవి. దానిని మించి పుచ్చుకొనుట నేరము. కాని ఆ ధరకు ఆ వస్తువు ఎన్నడైనను అమ్ముడుపోయి యుండవలెనను నిబంధన లేదు. కావున ఎం.ఆర్.పి. అనునది పైహద్దు చెప్పు గీతయే కాని, వస్తువు విలువ చెప్పు త్రాసు కాదు. విలువ తెలియవలెనన్నచో, అట్టి వస్తువే మూడు దుకాణములలో నేడు ఎంతకు దొరకుచున్నదో, నెల క్రిందట ఎంతకు దొరకినదో విచారింపవలెను. 9,200 రూపాయలకు అంతట దొరకు వస్తువును 8,990కి ఇచ్చినచో, తగ్గినది 210 రూపాయలు, 21,000 కాదు.

ఈ మధ్య పన్ను తగ్గిన మాటయు అందరి నోట వినబడుచున్నది. అది నిజమే. 32 అంగుళములు దాటిన టెలివిజన్లపైనను, మానిటర్లు, ప్రొజెక్టర్లపైనను జీఎస్టీ నూటికి 28 నుండి 18కి తగ్గినది; 2025 సెప్టెంబరు 22 నుండి ఇది అమలులోనికి వచ్చినది. అయితే లెక్క సరిగా చూడుడు. 10,000 రూపాయల సరకునకు పాత పన్నుతో 12,800, క్రొత్త పన్నుతో 11,800. తగ్గినది వేయి రూపాయలు. 12,800లో వేయి అనగా నూటికి 8 వంతులకు కొంచెము తక్కువ. 10 వంతులు కాదు. 32 అంగుళములు, అంతకు లోపలి టెలివిజన్లకు అంతకు ముందునుండియే 18 వంతుల పన్ను గనుక, వానికి ఈ మార్పుతో సంబంధము లేదు. కావున చిన్న టెలివిజన్ చూపి "పన్ను తగ్గినది, అందుకే చౌక" అను మాట చెల్లదు.

వడ్డీ లేని వాయిదాల సంగతి మరియొకటి. వడ్డీ లేని అప్పును ఏ షావుకారును ఇయ్యడు. సున్న శాతము వడ్డీ యనునది అసలు లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టముగా వ్రాసినది. రొక్కమునకు 22,500కు ఇచ్చు వస్తువును ఆరు వాయిదాలలో నెలకు 4,000 చొప్పున ఇచ్చినచో మొత్తము 24,000. ఆ 1,500 రూపాయల తేడాయే వడ్డీ. దానికి పేరు మాత్రమే మారినది. దీనికి తోడు ప్రాసెసింగు రుసుము, దానిపై పన్ను, క్రెడిట్ కార్డు వాయిదాలలో వడ్డీపై మరల జీఎస్టీ. వాయిదాలు కట్టరాదని నేను అనను. మన వీధులలో వాయిదా లేక పెద్ద వస్తువు కొనగలవారు కొద్దిమంది. కాని "రొక్కము ఎంత?" అని ముందుగా అడిగి, ఆ పిమ్మట వాయిదా మాట ఎత్తుడు.

ఇక వస్తువు సంగతి. ఈ ఊరివారికి నేను తువాలు గూర్చి చెప్పనక్కరలేదు. గంజి దట్టించిన తువాలు దుకాణమున బరువుగా, నిగనిగలాడుచు కనబడును. ఇంటికి తెచ్చి ఒక ఉతుకు ఉతికినచో గంజి నీటిలో పోవును, మిగిలినదే నూలు. ఈ ఎలక్ట్రానిక్ వస్తువుల పెట్టెలపై అచ్చువేసిన పెద్ద పెద్ద అంకెలలోను గంజి యెంతయో, నూలు ఎంతయో చూడవలెను. మూడు అంకెలు చెప్పెదను.

మొదటిది వెలుగు. ప్రొజెక్టరు వెలుగును ల్యూమెనులలో కొలుతురు. చౌక ప్రొజెక్టరు పెట్టెపై 9,000 ల్యూమెనులని యుండును. అది తరచుగా లోపలి దీపపు లెక్క, లేదా ఉత్త మాట. గోడపై పడు వెలుగును కొలుచు పద్ధతి వేరుగా నున్నది. దానిని ఆన్సీ ల్యూమెనులందురు. చిన్న యింటి ప్రొజెక్టర్లలో ఆన్సీ లెక్క సాధారణముగా 100 నుండి 300 వరకే యుండును. కార్యాలయములలో దీపములు వెలుగుచుండగనే చూపు ప్రొజెక్టర్లకు సుమారు 3,000, అంతకు పైన ఉండును. పెట్టెపై "ఆన్సీ" అను మాట లేనిచో ఆ అంకెను గంజిగనే భావింపుడు.

రెండవది బొమ్మలోని చుక్కలు. "1080పి సపోర్టెడ్" అని వ్రాసి యుండును. దాని భావమేమనగా, అంతటి బొమ్మను ఆ యంత్రము లోనికి తీసికొనగలదు. బయటకు చూపగలదని కాదు. నిజముగ చూపునది "నేటివ్ రిజల్యూషన్". 1080పి యనగా 1920 అడ్డముగ, 1080 నిలువుగ – మొత్తము 20,73,600 చుక్కలు. నేటివ్ 1280, 720 అయినచో 9,21,600. అనగా సగమునకు తక్కువ. 854, 480 అయినచో 4,09,920, ఐదవ వంతు. హిందీ పాట చూచుటకు ఇది చాలునేమో. కాని మనము చూపదలచినది తెలుగు అక్షరము. మన లిపిలో అర్థమంతయు క్రింద నున్న చిన్న ఒత్తులో నుండును. "రాష్ట్రము", "లక్ష్మి", "స్త్రీ" – ఈ మాటలలో ఒత్తు అలుకుకొనిపోయినచో, అప్పుడే నేర్చుకొను బిడ్డకు అది అక్షరము కాదు, మరక.

మూడవది శబ్దము. పాటల పెట్టెలపై "10,000 వాట్లు పి.ఎం.పి.ఓ." అని వ్రాయుట చాల కాలముగ నున్నది. ఈ లెక్కకు అందరును ఒప్పుకొనిన కొలమానము లేదు. ఎడతెగక ఇచ్చు శక్తిని "ఆర్.ఎం.ఎస్." అని వ్రాయుదురు, దానిని చూడుడు. అదియు లేనిచో ఎడాప్టరును త్రిప్పి చూడుడు. 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని యున్నచో, గుణింపగా 36 వాట్లు. 36 వాట్లు మ్రింగు యంత్రము వేల వాట్లు ఎట్లు క్రక్కును? కూలికి ఇచ్చిన నూలు కంటె ఎక్కువ గుడ్డ నేసి తెచ్చిన నేతగానిని మనము చూచితిమా?

ఇదంతయు తెలిసినవాడవు గదా, నీవు మోసపోలేదా యని మీరు అడుగవచ్చును. మోసపోయితిని. 2021 దీపావళికి మా అమ్మకొరకు ఒక వస్తువు కొంటిని. పాత టెలివిజనునకు తగిలించినచో దానిని స్మార్టు టెలివిజనుగ మార్చునను చిన్న పెట్టె అది. చీటిపై 9,999; నేను ఇచ్చినది 2,499. దానికి తోడుగ శబ్దపు పెట్టెలు 4,500. మా అమ్మకు మరాఠీ విన్న తెలియును. కాని ఆమె మనసు కుదుటపడునది తెలుగు మాటతోనే. హరికథలు, భజనలు, పల్లెపాటలు వినునని నా యాశ. మొదటి నెల బాగుగ నడచినది. తరువాత ఒక్కొక్క యాప్ "క్రొత్త రూపము కావలెను" అని అడుగుచు, ఆ రూపము ఆ పెట్టెకు రాక, ఒకటి వెనుక నొకటి ఆగిపోయినవి. ఎనిమిదవ నెలకు మిగిలినది ఎర్రని దీపము మాత్రమే. గ్యారంటీ కార్డుపై అమ్మినవాని చిరునామా లేదు. బాగుచేయువాడు విప్పి చూచి, దీనికి భాగములు దొరకవని త్రిప్పి పంపెను. ఒకనాడు మా అమ్మ రెండు రిమోటులను నా చేతిలో పెట్టి, "కొడుకా, ఈ డబ్బా ఎప్పుడు చూసినా నన్నే ఏదో అడుగుతది. నాకేమి చెప్పదు" అన్నది.

ఆ మాట నన్ను కుట్టినది. 6,999 రూపాయలు పోయినందుకు కాదు. ఆమెకు ఏమి కావలెనో ఆమెనే అడుగక, తగ్గింపు నన్ను ఏమి కొనుమన్నదో అది కొంటిని. తరువాత ఆమెను అడిగితిని. ఒక్క మీట నొక్కినచో తెలుగు వినబడవలెను. అంతే ఆమె కోరిక. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌లో నెలసరి రుసుము లేకుండనే యాదగిరి, సప్తగిరి ఛానెళ్లు వచ్చును. డాబాపై ఆ గొడుగు పెట్టించితిని. ఆకాశవాణి తెలుగు కేంద్రములను సెల్‌ఫోనులోనే న్యూస్‌ఆన్ఎయిర్ యాప్ ద్వారా వినిపించితిని. ఇప్పుడు ఆమెకు తీరిక, నాకు బుద్ధి, రెండును కలిగినవి.

నేను కొన్న పెట్టెవంటి వానిలో మరియొక ప్రమాదము గలదని తరువాత తెలిసినది. అమెరికా దేశపు ఎఫ్.బి.ఐ. సంస్థ 2025 జూన్‌లో ప్రజలకు ఒక హెచ్చరిక చేసినది. చౌకగ వచ్చు కొన్ని టెలివిజన్ పెట్టెలలోను, డిజిటల్ ప్రొజెక్టర్లలోను దొంగ సాఫ్టువేరు ముందుగనే చొప్పింపబడి వచ్చుచున్నదని, అది ఇంటి ఇంటర్నెట్టును దొంగల పనికి వాడుకొనునని ఆ హెచ్చరిక సారము. ఆ దొంగ సాఫ్టువేరునకు బ్యాడ్‌బాక్స్ 2.0 అని పేరు. ఇంటిలో బ్యాంకు లావాదేవీలు జరుపు ఫోను ఉన్న ఇంటర్నెట్టుపైననే ఇట్టి పెట్టెను తగిలించుట, తలుపు గొళ్లెమును తెలియనివాని చేతిలో పెట్టుటయే. కావున సినిమాలు ఉచితముగ చూపెదనను పెట్టెను, పేరు ఊరు లేని పెట్టెను, గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ లేని ఆండ్రాయిడ్ పెట్టెను ఎంత చౌకయైనను ముట్టకుడు. ధ్రువీకరణ లేని పెట్టెలలో రుసుము కట్టిన సినిమా యాప్‌లు కూడ మంచి బొమ్మను చూపవు. తక్కువ నాణ్యతతోనే సరిపుచ్చును.

విద్యుత్ వస్తువునకు భద్రతయు ముఖ్యము. టెలివిజన్లకు, సెట్-టాప్ పెట్టెలకు, వాని ఎడాప్టర్లకు భారత ప్రమాణముల సంస్థ, అనగా బి.ఐ.ఎస్., నమోదు తప్పనిసరి. వస్తువుపై ఆ సంస్థ గుర్తును, ఆర్ అను ఇంగ్లీషు అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉండును. బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఆ సంఖ్యను వేసి, అది నిజమో కాదో నిమిషములో తెలిసికొనవచ్చును. మన యిండ్లు ఇరుకు. పిల్లలు నేలపై తీగల నడుమ నిద్రించుదురు. ఈ ఒక్క నిమిషమును బద్ధకించరాదు.

కొన్న పిమ్మట చెడినచో దిక్కు లేదని తలపవలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. దాని ప్రకారము అమ్మినవాడు ఏ ఊరనున్నను, మనము నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల లోపల అయినచో రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ సహాయ కేంద్రము పలుకును. అమ్మువాని పేరు, చిరునామా, వస్తువు తయారైన దేశము, త్రిప్పి పుచ్చుకొను షరతులు – వీనిని ఇంటర్నెట్టు బజారువారు చూపవలెనని 2020 నాటి నియమములు చెప్పుచున్నవి. "ఇంకను రెండు గంటలే, ఇంకను మూడు వస్తువులే" అని లేని తొందర పుట్టించుటను 2023 నవంబరు నాటి కేంద్ర మార్గదర్శకములు మోసపు పద్ధతులలో చేర్చినవి. అయితే ఈ హక్కులన్నిటికిని ఆధారము రసీదు. రసీదు లేకుండ పది రూపాయలు తగ్గించెదనన్నవాడు మీ హక్కును పది రూపాయలకు కొనుచున్నాడని తెలియుడు.

ఇప్పుడు మన ప్రొజెక్టరునకు వచ్చెదను. కొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొందము.

ఎవరు, ఎప్పుడు, ఎచ్చట చూతురు? మన తరగతి ఆదివారము ఉదయము 9 నుండి 11 వరకు. మన మందిరమునకు తూర్పున నాలుగు కిటికీలు, పైన రేకులు. ఆ వేళకు ఎండ లోనికి వచ్చును. 200 ఆన్సీ ల్యూమెనుల బొమ్మ ఆ వెలుగులో నీటిలో పడిన సిరావలె తేలిపోవును. కిటికీలు మూసినచో వేసవిలో, 40 డిగ్రీలు దాటు ఈ ఊరి ఎండలో, రేకుల క్రింద పిల్లలు కూర్చుండలేరు. చీకటి పడిన పిమ్మట ఇంటిలో సినిమా చూచువానికి అదే ప్రొజెక్టరు మంచిదే కావచ్చును. వస్తువు చెడ్డదని నేను అనుట లేదు. మన గదికి, మన వేళకు తగదని యనుచున్నాను.

మొత్తము ఖర్చు ఎంత? వెల మొదటి మెట్టు మాత్రమే. తెర, తీగలు, నిలబెట్టు పీఠము, ఇంటర్నెట్టు – ఇవన్నియు కలుపవలెను. మంచి బొమ్మతో ఒక గంట వీడియో చూచినచో 2 నుండి 3 జీబీల డేటా పోవును. ఒకరి ఫోనులోని దినసరి డేటా ఆ గంటలోనే తీరిపోవును. పాఠములను ముందుగనే పెన్ డ్రైవులో నింపుకొని తెచ్చినచో ఈ ఖర్చు తప్పును. ఆ పని చేయువారెవరో ముందే నిశ్చయింపవలెను.

చెడినచో ఎవరు బాగుచేయుదురు? మన ఊర సేవా కేంద్రము గల వస్తువునకు వేయి రూపాయలు ఎక్కువ ఇచ్చినను నష్టము లేదు.

కొననిచో ఏమి పోవును? ఇది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. ఇచ్చట పెద్దలకు ఒక మాట చెప్పవలెను. "బొమ్మల పెట్టె మనకేల" అనుట సులభము. కాని మన పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు బడులకు పోవుచున్నారు. ఇంట తెలుగు మాటాడుదురు, వ్రాయలేరు, చదువలేరు. తాతలు నిజాము రాజ్యపు పల్లెలనుండి మగ్గము మోసికొని ఈ ఊరికి వచ్చిరి. 1877లో మొదటి మిల్లు వెలసిన నాటినుండి ఎన్ని తరములు గడచినను ఆ మాట మన నోట నిలిచినది. అక్షరము నిలుచునో లేదో ఈ తరముతో తేలిపోవును. పిల్లవాడు ఆదివారమునాడు ఆట మాని వచ్చి కూర్చుండుటకు బొమ్మ సాయపడునని యువకులు చెప్పినది నిజము. దానిని కొట్టివేయరాదు. అదే విధముగ యువకులకును ఒక మాట: యంత్రము పిల్లవానిని కూర్చుండబెట్టగలదు, చేయి పట్టి దిద్దించలేదు. గత నెలలో మన తరగతికి ఇరువదియైదుగురు పిల్లలు వచ్చిరి; దిద్దించుటకు వచ్చిన పెద్దలు ఇద్దరే. ఈ కొరతను ఏ పండుగ తగ్గింపును తీర్చదు.

బజారులో నేను విచారించితిని. 43 అంగుళముల మంచి టెలివిజన్ 22,500. అది కొన్నచో మన నిధిలో మిగులునది 900 రూపాయలు, పలకలకును చాలదు. 32 అంగుళములది 11,500. అది కొన్నచో 11,900 మిగులును. వాచకములు, పలకలు, దిద్దించువారికి దారిఖర్చు దానితో ఒక సంవత్సరము నడచును. వెలుగులో చూచుటకు చిన్న ప్రొజెక్టరు కంటె టెలివిజన్ మేలు. పిల్లలను రెండు జట్లుగ చేసి దగ్గరగ కూర్చుండబెట్టినచో 32 అంగుళములు చాలవచ్చును. "చాలవచ్చును" అంటిని; "చాలును" అని నేను అనలేను. ఎందుకనగా ఇంకను ఉతికి చూడలేదు.

కావున నా సూచన యిది. ఈ నెల ఏమియు కొనవలదు. నా దుకాణములో 32 అంగుళముల టెలివిజన్ ఒకటి యున్నది. నాలుగు ఆదివారములు దానిని మన మందిరమునకు నేనే తెచ్చి పెట్టెదను. మన సభ్యులొకరి యింట చిన్న ప్రొజెక్టరు ఉన్నదట. వారు దయచేసి ఒక ఆదివారము దానిని తేవలెను. కిటికీలు తెరచియే యుంచుదము. తెరపై "రాష్ట్రము", "లక్ష్మి", "స్త్రీ" అని వ్రాసి చూపుదము. కడపటి వరుసలోని బిడ్డ ఒత్తులతో సహా చదివి పలకపై వ్రాయగలిగినచో ఆ వస్తువు గెలిచినది. ఇది మొదటి పరీక్ష. రెండవ పరీక్ష మనకు. ఆ నాలుగు వారములు యువకులు పాఠములు సిద్ధము చేసి తేవలెను. పెద్దలు వంతులవారీగ నలుగురైనను వచ్చి దిద్దించవలెను. ఇవి రెండును జరిగినచో ఐదవ వారము, తగ్గింపు ఉన్నను లేకున్నను, రసీదుతో కొందము. జరుగనిచో ఉచితముగ ఇచ్చినను ఆ యంత్రము మనకు బరువే. ధూళి దులుపు పని ఒకటి పెరుగును.

ఈ నాలుగు వారములలో ధర పెరుగునని భయపడువారికి ఒక్క మాట. పండుగలు మనకు తక్కువ కాదు. వానికి తగ్గింపులు అంతకంటె తక్కువ కాదు. దీపావళి పోయినచో సంక్రాంతి. మన సిద్ధేశ్వరుని జాతర వచ్చును. బజారు మరల దీపములు పెట్టును. కాని బీడీ చుట్టిన చేతులు ఇచ్చిన 50 రూపాయలు ఒక్కసారి వ్యర్థమైనచో, రెండవసారి ఆ గుమ్మము ముందు చేయి చాపుటకు మనకు ముఖముండదు. ఆ అక్క వచ్చి "నా యాభై ఏమి కొన్నవు?" అని అడిగినచో, నాడు ఆ అవ్వ యెదుట నిలిచినట్లు జవాబు లేక నిలుచుట నాకు ఇష్టము లేదు.

నా సూచన తప్పని తోచినచో ఇప్పుడే, ఇచ్చటనే చెప్పుడు, దిద్దుకొనెదను. తీర్మానము మీది. సెలవు.